దూరవిద్యలో సోషల్ వర్క్: ఫీల్డ్ పక్కనే, సూపర్‌వైజరే దూరం

మార్చి దగ్గర పడుతుంటే హనుమకొండ, వరంగల్‌లోని స్వచ్ఛంద సంస్థల ఆఫీసులకు ఒక తరహా ఫోన్లు మొదలవుతాయి. "నమస్తే సార్, డిస్టెన్స్‌ల ఎంఎస్‌డబ్ల్యూ చేస్తున్న. ఫీల్డ్ వర్క్ సర్టిఫికెట్ కావాలె. మీ దగ్గర సంతకం దొరుకుతదా?" ఎంఎస్‌డబ్ల్యూ అంటే సోషల్ వర్క్‌లో పీజీ, ఫీల్డ్ వర్క్ అంటే అందులో భాగంగా ఏదైనా సంస్థలో చేయాల్సిన పని. పని చేయడానికి చోటు అడిగే ఫోన్లు తక్కువ, చేసినట్టు కాగితం అడిగేవి ఎక్కువ. సంస్థలో ఎవరో ఒకరు మొహమాటానికి పోయి స్టాంపు వేస్తారు. చేసిన పని రాసి ఇవ్వాల్సిన రికార్డు పాత బ్యాచ్ వాళ్ల దగ్గర దొరుకుతుంది. పేర్లూ ఊర్లూ మార్చి ఎత్తి రాయడం రెండు రాత్రుల పని. వైవా పది నిమిషాల్లో ముగుస్తుంది. ఆ పట్టాతో రేపు హింసకు గురైన మహిళలకు సాయపడే ఒక సఖి కేంద్రంలోనో, బాలసదనంలోనో కౌన్సెలర్ కుర్చీ ఎక్కితే, ఎదురుగా కూర్చునే పిల్ల పరిస్థితి ఏమిటన్నది స్టాంపు వేసినప్పుడు ఎవరికీ తట్టదు.

తప్పు విద్యార్థి మీద వేయడం సులువు. కానీ ఆ విద్యార్థి ఎవరో చూడాలి. పరకాల దగ్గరి ఊళ్లో అంగన్‌వాడీ టీచర్, నర్సంపేటలో మహిళా సంఘాల సీసీ (సంఘాల పని చూసే సమన్వయకర్త), భూపాలపల్లిలో సింగరేణి కాంట్రాక్టు కార్మికుడు, ములుగు అడవి ప్రాంతంలో ఆశా కార్యకర్త. రోజూ ఉద్యోగం, ఇల్లు, పిల్లలు. ఏజెన్సీ (ఫీల్డ్ వర్క్ చేసే సంస్థ) నువ్వే వెతుక్కో, సూపర్‌వైజర్‌ను నువ్వే చూసుకో, ఇన్ని గంటలు చేసినట్టు రాసుకొని రా అని కోర్సువాళ్లు అన్నారు. అలా చెప్పి వదిలేసిన చోట ఎత్తిరాత పుట్టకపోతేనే ఆశ్చర్యం.

మన దేశంలో సోషల్ వర్క్ చదువు అసలు ఫీల్డ్‌లోనే పుట్టింది. 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ మొదలైంది. ఇప్పుడు టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అంటున్నది దాన్నే. దాని మొదటి డైరెక్టర్ క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అప్పటికే కొన్నేళ్లుగా నాగ్‌పాడా బస్తీలో నైబర్‌హుడ్ హౌస్ నడుపుతున్నాడు. ముందు బస్తీ, ఆ తర్వాత క్లాసు. దూరవిద్య దారి వేరు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే వచ్చింది, ఇప్పటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. 1985లో జాతీయ స్థాయి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో వచ్చింది, 2007లో అందులో సోషల్ వర్క్‌కు ప్రత్యేకంగా ఒక స్కూల్ ఏర్పడింది. కాలేజీకి పోలేని మనిషి ఇంటికి పుస్తకం పంపడం ఈ పద్ధతికి మూలం. చరిత్రకూ రాజనీతికీ అది చాలావరకు సరిపోతుంది. ఫీల్డ్ వర్క్‌ను మాత్రం పార్శిల్ కట్టి పంపలేరు.

ఇక్కడే ఒక పొరపాటు అంచనా ఉంది. దూరవిద్య విద్యార్థి ఫీల్డ్‌కు దూరంగా ఉంటాడని అందరూ అనుకుంటారు. నిజానికి క్యాంపస్ విద్యార్థి కన్నా ఈ విద్యార్థే ఫీల్డ్‌కు దగ్గర. హాస్టల్‌లో ఉండి వారానికి రెండు రోజులు బస్సెక్కి ఊరికి పోయే విద్యార్థికి, ఆ ఊళ్లోనే పుట్టి పెరిగి సంఘం మీటింగుల్లో కూర్చునే సీసీకి పోలికే లేదు. ఏ ఇంట్లో ఎవరు దుబాయి పోయి తిరిగి రాలేదో, ఏ ఇంట్లో మిర్చి అప్పు తీరలేదో ఆమెకు తెలుసు. రెగ్యులర్ కోర్సులో ఉండి దూరవిద్యలో లేనిది వేరే ఒకటుంది. వారానికి ఒకసారి సూపర్‌వైజర్ ఎదురుగా కూర్చోబెట్టి, ఏం చేశావు, ఎందుకు చేశావు, ఆమె ఏమంది, నువ్వేమన్నావు అని అడిగే ఆ అరగంట. కాలేజీల్లో దీన్ని ఐసీ అంటారు, ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్. అందరినీ కలిపి కూర్చోబెడితే జీసీ, గ్రూప్ కాన్ఫరెన్స్. ఫీల్డ్‌లో జరిగింది చదువుగా మారేది ఆ అరగంటలోనే. అది లేకపోతే ఎన్ని వందల గంటలు తిరిగినా మిగిలేది అలవాటే.

ఒక ఉదాహరణ చూద్దాం. భర్త చనిపోయిన ఒక మహిళ ఇంటికి విద్యార్థి మూడోసారి వెళ్లింది. ఆ వారం ఫోన్‌లో సూపర్‌వైజర్‌కు చెప్తోంది.

"మేడం, ఆమెకు వితంతు పింఛను దరఖాస్తు రాసిచ్చిన."

"మంచిగనే చేసినవ్. పింఛను గురించి ఆమె అడిగిందా?"

"లేదు మేడం. బిడ్డ చదువు బందయితదేమో అని ఏడ్చింది."

"మరి నువ్వు పింఛను దిక్కు ఎందుకు పోయినవ్?"

కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "అది నాకు తెల్సిన పని మేడం."

ఈ ఒక్క వాక్యం కోసమే ఫీల్డ్ వర్క్ ఉన్నది. తనకు తెలిసిన పనిని ఎదుటి మనిషి అవసరంగా చూపించడం సంక్షేమ శాఖల్లో పనిచేసేవాళ్లకు సహజంగా అబ్బే అలవాటు. దాన్ని ఏ పుస్తకమూ పట్టుకోలేదు. లాగ్ బుక్‌లో ఆ రోజు "క్లయింట్‌కు పింఛను దరఖాస్తులో సహాయం చేయడమైనది" అని నీటుగా ఉంటుంది, పక్కన సంతకం కూడా పడుతుంది.

గంటల లెక్క, ఆదివారాల లెక్క

దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. ఫీల్డ్ వర్క్‌కు ఏడాదికి పది క్రెడిట్లు పెట్టారనుకుంటే 300 గంటలు. ఉద్యోగం చేసే మనిషికి దొరికేది ఆదివారం. రోజుకు ఏడు గంటల చొప్పున వేసుకున్నా దాదాపు 43 ఆదివారాలు కావాలి. ఏడాదికి ఉన్నవి 52. బతుకమ్మ, దసరా, సంక్రాంతి, మాఘమాసం పెళ్లిళ్లు, నాట్లు, పత్తి ఏరే రోజులు, కాంటాక్ట్ క్లాసులు, పరీక్షలు తీసేస్తే మిగిలేవి ఎన్నో వేళ్ల మీద లెక్క పెట్టొచ్చు. అంటే ఆదివారాల మీదే ఆధారపడే ప్రణాళిక మొదటి రోజే అబద్ధం. ఆ అబద్ధం చివరికి రికార్డులో తేలుతుంది.

పైగా ఆదివారం చాలా ఏజెన్సీలు మూసే ఉంటాయి. అంగన్‌వాడీ ఉండదు, బడి ఉండదు, మండల సమాఖ్య ఆఫీసు ఉండదు, ఆస్పత్రి ఓపీ ఉండదు. కాబట్టి ముందుగా తయారు చేయాల్సింది ఏజెన్సీల జాబితా ఒక్కటే అయితే చాలదు, ఏ చోట ఏ వేళ పని ఉంటుందన్న పట్టిక కూడా కావాలి. సఖి కేంద్రం ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది. ఎస్సీ, బీసీ హాస్టళ్లలో పిల్లలు దొరికేదే సాయంత్రం, ఆదివారం. వృద్ధాశ్రమానికి, బాలసదనానికి సెలవు రోజే ఎక్కువ ఖాళీ. ఎంజీఎం లాంటి పెద్దాస్పత్రిలో ఓపీ లేకపోయినా వార్డులు ఉంటాయి, వార్డు బయట వరండాలో చాపలేసుకొని కూర్చున్న రోగుల బంధువులు ఉంటారు. వాళ్లతో మాట్లాడిన మెడికల్ సోషల్ వర్క్ విద్యార్థికి క్లాసులో దొరకనిది దొరుకుతుంది. అడ్డా కూలీలను కలవాలంటే పొద్దున ఆరు, ఏడు గంటలకే అడ్డా మీదుండాలి, తొమ్మిది దాటితే అక్కడ మిగిలేది పని దొరకనివాళ్లే. వాళ్లతో మాట్లాడడం కూడా ఒక పాఠమే అనుకోండి. మహిళా సంఘాల మీటింగులు చాలా ఊళ్లలో వంటలు అయ్యాక రాత్రి పూట జరుగుతాయి. ఊళ్లో ఉండే విద్యార్థికి అది వరం. క్యాంపస్ విద్యార్థి ఆ వేళకు ఆఖరి బస్సు పట్టుకొని వెళ్లిపోయి ఉంటాడు.

రవాణా విషయంలో ఈ మధ్య ఒక మార్పు వచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. పరకాల, నర్సంపేట, జనగామ, తొర్రూరు వైపు విద్యార్థినిని హనుమకొండలోని ఏజెన్సీకి వేస్తే చార్జీల భారం అన్న అభ్యంతరం చాలావరకు పోయింది. సమయం మాత్రం పోలేదు. ఏటూరునాగారం నుంచి రావాలంటే దాదాపు వంద కిలోమీటర్లు, రానూపోనూ సగం రోజు. ఆ వైపు విద్యార్థులకు ములుగులోనో ఏటూరునాగారంలోనో చోటు చూడడమే న్యాయం. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఉన్నది అక్కడే, కోయ గూడేలు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో స్థిరపడ్డ గుత్తికోయల గుంపులు ఉన్నదీ ఆ చుట్టుపక్కలే. సోషల్ వర్క్ నేర్చుకోవడానికి హనుమకొండ చౌరస్తాకు రావాల్సిన అవసరం వాళ్లకు అసలు లేదు.

సొంత ఉద్యోగం ఫీల్డ్ వర్క్ అవుతుందా?

ప్రతి బ్యాచ్‌లోనూ వచ్చే ప్రశ్న ఇది. అంగన్‌వాడీ టీచర్ అడుగుతుంది, నేను రోజూ చేసేది ఇదే కదా, దాన్నే లెక్కలో వేయండని. అడగడంలో అన్యాయం లేదు. కానీ ఒప్పుకుంటే ఆమెకు వచ్చేది సర్టిఫికెట్ ఒక్కటే, నేర్చుకునేది సున్నా. ఒప్పుకోకపోతే ఆమె కోర్సు వదిలేస్తుంది, లేదా స్టాంపు వేసే చోటు వెతుక్కుంటుంది.

మధ్యేమార్గం ఉంది. మొదటి ఏడాది మార్పిడి పద్ధతి. అంగన్‌వాడీ టీచర్‌ను జిల్లా బాలల సంరక్షణ విభాగానికి, సీసీని ఆస్పత్రికి, ఆశా కార్యకర్తను మహిళా సమాఖ్యకు, స్వచ్ఛంద సంస్థలో పనిచేసే వ్యక్తిని ప్రభుత్వ హాస్టల్‌కు పంపాలి. తన శాఖ రిజిస్టర్ తన చేతిలో లేని చోట మనిషి మొదటిసారి కళ్లు తెరిచి చూస్తాడు. రెండో ఏడాది సొంత పనిచోటు ఒప్పుకోవచ్చు, ఒక షరతు మీద. తన జాబ్ చార్టులో లేని పని చేయాలి, దాన్ని చూసే సూపర్‌వైజర్ తన పై అధికారి కాకూడదు. అంగన్‌వాడీ టీచర్ పోషణ ట్రాకర్‌లో బరువులు ఎక్కించడం ఫీల్డ్ వర్క్ కాదు. అదే టీచర్ ఊళ్లో బడి మానేసిన ఆరుగురు ఆడపిల్లలతో పన్నెండు వారాలు ఒక గ్రూపు నడిపితే అది గ్రూప్ వర్క్. పై అధికారే సూపర్‌వైజర్ అయితే ఆ టీచర్ తన తప్పు ఎవరికి చెప్పుకుంటుంది?

సొంత ఉద్యోగం కన్నా చిక్కు సొంత ఊరు. ఊళ్లో విద్యార్థిని సోషల్ వర్కర్‌గా ఎవరూ చూడరు. ఫలానా వాళ్ల కోడలు, ఫలానా కులపోళ్ల పిల్లగాడు, అంతే. ఎవరి గడప తొక్కుతున్నావో వాడ మొత్తం చూస్తుంది. తాగొచ్చి కొట్టే భర్త గురించి చెప్పుకోవాల్సిన మహిళ, ఆ భర్తకే వరసకు చెల్లెలయ్యే విద్యార్థినికి చెప్పుకుంటుందా? చెప్పుకుంటే ఆ మాట ఎక్కడ ఆగుతుంది? గోప్యత గురించి పుస్తకంలో ఒక అధ్యాయం ఉంటుంది గానీ, ఊళ్లో గోప్యత అంటే కట్టమీద కూర్చున్న నలుగురి ముందు నోరు కట్టుకోవడం.

ఇంకోటి, చాలా రికార్డుల్లో కనిపించనిది. పుట్టిన ఊళ్లోనే పాతికేళ్లు బతికినా దళితవాడలోకి ఎన్నడూ పోని విద్యార్థులు ఉంటారు. ఫీల్డ్ వర్క్ పేరుతో మొదటిసారి పోతారు. అక్కడ కూర్చోమని మంచం వేస్తే కూర్చున్నారా, మంచినీళ్లిస్తే తాగారా, ఇంటికొచ్చాక అత్త ఏమంది? సూపర్‌వైజర్ అడగాల్సిన ప్రశ్నలు ఇవి. ఇవి అడగకుండా కమ్యూనిటీ ఆర్గనైజేషన్ దశలు చెప్పమనడం వల్ల ప్రయోజనం లేదు. దళితవాడ నుంచే వచ్చిన విద్యార్థి ఊరి నడిమి ఇళ్లకు పోవాల్సి వచ్చినప్పుడు ఎదురయ్యేది ఇంకా కష్టం. ఆ విద్యార్థి వాకిట్లోనే నిలబడి తిరిగొచ్చి, రికార్డులో మాత్రం "గృహ సందర్శన చేయడమైనది" అని రాసుకుంటాడు. వాకిట్లో నిలబెట్టారన్న సంగతి ఎవరికీ చేరదు. ఇలాంటివి జీసీలో పదిమంది ముందు కన్నా ఐసీలోనే బయటికి వస్తాయి, అది కూడా మూడో నెలకో నాలుగో నెలకో.

అందుకే కేస్ వర్క్‌ను పక్క ఊళ్లో, పక్క మండలంలో పెట్టి, గ్రూప్ వర్క్, కమ్యూనిటీ పనిని సొంత ఊళ్లో ఉంచడం తెలివైన ఏర్పాటు. ఒకరి ఇంటి గుట్టు వినే పనికి కొంత ఎడం కావాలి, పదిమందిని కూడేసే పనికి పరిచయం కావాలి.

ఊరు చూసొచ్చే ఓరియెంటేషన్ విజిట్ల గురించి ఒక మాట. వరంగల్ చుట్టుపక్కల ఈ విజిట్ అంటే ముందు గుర్తొచ్చేది గీసుకొండ మండలం గంగదేవిపల్లి. ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకొని ఊరిని నడుపుకున్న తీరు చూడాల్సిందే. ఆ కథలో భాగమైన బాల వికాస సంస్థ కాజీపేట ఫాతిమానగర్‌లోనే ఉంది, 1977 నుంచి పనిచేస్తోంది. కానీ గెలిచిన ఊరిని చూసొస్తే, ఊరు ఎలా గెలిచిందో తెలియదు. కమిటీ కూర్చోని ఊళ్లో, నలుగురిని పిలిస్తే ఇద్దరొచ్చిన రాత్రి ఏం చేయాలన్నది నేర్చుకోవాలంటే మామూలు ఊరే కావాలి.

రికార్డు ఎవరి భాషలో?

ఒక మహిళ అంటుంది: "గాయిన తాగొచ్చి లొల్లి వెడ్తడు. పొద్దుగాల ఏమెరుగనట్టు కూసుంటడు. నాకే సిగ్గైతది." రికార్డులోకి వచ్చేసరికి ఇది "క్లయింట్ భర్త మద్యపాన వ్యసనపరుడు" అవుతుంది. ఇంగ్లిష్‌లో రాస్తే ఇంకా సన్నబడి మూడు పదాలకు దిగుతుంది. ఆమె మాటలో మూడు సంగతులు ఉన్నాయి. రాత్రి జరిగేది ఒకటి, పొద్దున జరిగేది ఇంకొకటి, సిగ్గు ఎవరికి అన్నది మూడోది. కేస్ వర్కర్ పట్టుకోవాల్సింది ఆ మూడోదాన్ని. అది రికార్డులోకి రానే లేదు.

ప్రాసెస్ రికార్డింగ్ అంటే ఎవరు ఏమన్నారో అన్నట్టే రాయడం, పక్కన తనకు ఏమనిపించిందో రాయడం. దాన్ని తెలుగులో, వీలైతే ఆ మనిషి యాసలోనే రాయనివ్వాలి. సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) మీద పనిచేసే మనిషి మాట, జగిత్యాల వైపు బీడీలు చుట్టే మహిళ మాట, మహబూబాబాద్ తండాలో లంబాడీలో మొదలుపెట్టి తెలుగులోకి దిగే అవ్వ మాట ఒక్కో తీరుగా ఉంటాయి. పైన సారాంశం ఇంగ్లిష్‌లో కావాలంటే ఒక పేజీ చాలు. ఇంకో లాభం కూడా ఉంది. ఎవరో అన్న మాటను అన్నట్టే రాయాలంటే పాత బ్యాచ్ రికార్డు పనికిరాదు. ఎత్తిరాతకు ఇంతకన్నా మంచి మందు లేదు. వైవాలో "మూడో విజిట్‌లో ఆమె అన్న మాట ఒకటి చెప్పండి" అని అడిగితే ఎవరు పోయారో ఎవరు పోలేదో అర నిమిషంలో తేలుతుంది.

ఫొటోల సంగతి వేరే చెప్పాలి. దూరవిద్యలో విద్యార్థి నిజంగా పోయాడో లేదో తెలియదు గనుక రుజువుగా ఫొటోలు అంటించమనే పద్ధతి చాలాచోట్ల పాతుకుపోయింది. బాలసదనంలో పిల్లల మధ్య నిలబడి ఒకటి, సఖి కేంద్రంలో బాధితురాలి పక్కన ఒకటి, జియోట్యాగ్‌తో. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, ఫొటో ఏ మాధ్యమంలోనూ బయటపెట్టకూడదు. అతిక్రమిస్తే ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. పిల్లలపై లైంగిక నేరాల (పోక్సో) కేసుల్లోనూ బాధిత పిల్లల గుర్తింపు బయటపెట్టడం నేరమే. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, హెచ్ఐవీ చట్టం రెండూ గోప్యతను హక్కుగా రాశాయి. చేతులు మారే రికార్డు పుస్తకం, స్టడీ సెంటర్ అల్మారాలో దుమ్ము పట్టే రికార్డు, జిరాక్స్ సెంటర్‌లో పాత బ్యాచ్ కాపీ, వాట్సాప్ గ్రూపులో పెట్టే ఫొటో, అన్నీ ప్రమాదమే. పోయినట్టు రుజువు కావాలంటే ఏజెన్సీ విజిట్ రిజిస్టర్‌లో సంతకం, సూపర్‌వైజర్ నేరుగా ఏజెన్సీకి చేసే ఫోన్ చాలు. పేర్లకు బదులు అక్షరాలు, ఊరికి బదులు మండలం. మొదటి కాంటాక్ట్ క్లాసులో మిగతావన్నీ వదిలేసినా ఇది ఒక్కటి నేర్పాలి.

అరగంటకు వెల ఎవరు కడతారు?

మళ్లీ ఆ అరగంట దగ్గరికి రావాలి. ఒక సూపర్‌వైజర్‌కు పదిమంది విద్యార్థులు, ఒక్కొక్కరికి వారానికి అరగంట అంటే వారానికి ఐదు గంటలు. ఫీల్డ్ వర్క్ 25 వారాలు నడిస్తే 125 గంటలు. రికార్డులు చదివే సమయం ఇందులో లేదు. ఆ పనికి ఏడాదికి ఒకసారి కొద్దిపాటి పారితోషికం ఇచ్చి చేతులు దులుపుకుంటే సూపర్‌వైజర్ చేసేదేమిటి? ఆఖరి రోజున కట్టలుకట్టలుగా వచ్చిన రికార్డుల మీద సంతకాలు. తప్పు అక్కడ కూడా మనిషిది కాదు, లెక్కది. ఫీజు పుస్తకాలకు, పరీక్షలకు, సెంటర్ నిర్వహణకు పోగా మిగిలింది ఫీల్డ్ వర్క్‌కు అన్న వరస తిరగబడితే తప్ప ఇది మారదు. ఫీల్డ్ వర్క్‌కు ముందు లెక్క కట్టి, మిగిలినదాంతో మిగతావి నడపాలి.

అరగంట ఫోన్‌లోనే జరగొచ్చు. వీడియో కాల్ కన్నా మామూలు ఫోనే ఒక్కోసారి మేలు. సిగ్నల్ ఆగకుండా ఉంటుంది, చెప్పేవాళ్లకు మొహం చూపించాల్సిన ఇబ్బంది ఉండదు. రాత్రి ఎనిమిదిన్నర తర్వాతే విద్యార్థినులకు తీరిక కాబట్టి సూపర్‌వైజర్ ఆ వేళకు సిద్ధంగా ఉండాలి. కాల్‌కు ముందు ఆ వారం ప్రాసెస్ రికార్డింగ్ ఒక పేజీ అయినా చేరాలి. చేతిరాత ఫొటో అయినా ఫర్వాలేదు, పేర్లు లేకుండా. నెలకోసారి మాత్రం ముఖాముఖి కావాలి. హనుమకొండ, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ, ఒక్కో నెల ఒక్కో చోట జీసీ పెడితే విద్యార్థులకు కూడా పక్క జిల్లా తెలుస్తుంది. 2016 అక్టోబరులో ఉమ్మడి వరంగల్ జిల్లా ముక్కలైంది, 2019లో ములుగు విడిపోయింది, 2021లో పేర్లు కూడా మారాయి. ఆరు జిల్లాలంటే ఆరు కలెక్టరేట్లు, బాలల సంరక్షణకు ఆరు జిల్లా విభాగాలు. ఒకప్పుడు అందరూ హనుమకొండకే రావాల్సి వచ్చేది, ఇప్పుడు ఫీల్డ్ వర్క్ చేసే చోట్లు విద్యార్థి ఇంటి దగ్గరికే వచ్చాయి. ఈ మార్పును ఫీల్డ్ వర్క్ పట్టికలు ఇంకా పూర్తిగా వాడుకోలేదు.

ఏజెన్సీ వైపు నుంచి కూడా చూడాలి. విద్యార్థి వస్తే సంస్థకు పని తగ్గదు, పెరుగుతుంది. చెప్పాలి, చూపించాలి, తప్పులు సరిదిద్దాలి. దానికి బదులు సంస్థకు ఏమొస్తుంది? చాలాచోట్ల విద్యార్థిని డేటా ఎంట్రీకి కూర్చోబెట్టో, మీటింగుకు కుర్చీలు వేయించో సంస్థ తన లాభం తాను చూసుకుంటుంది. దాన్ని తిట్టేకంటే ముందే మాట్లాడుకుంటే సరిపోతుంది. ఒక్క పేజీ ఒప్పందం, అందులో విద్యార్థి చేసే పనులు మూడు, చేయకూడనివి మూడు, సంస్థలో ఎవరిని అడగాలి, కోర్సు వైపు నుంచి ఎవరు ఫోన్ చేస్తారు. మండలానికి ఒక్క మంచి ఏజెన్సీ దొరికితే చాలు. ఇరవై ఏజెన్సీల పేర్లు రాసి ఏ ఒక్కదానికీ ఫోన్ చేయని జాబితాల వల్ల ఉపయోగం లేదు.

ఊళ్లో ఉండి చేయాల్సిన రూరల్ క్యాంప్ ఉద్యోగస్తులకు పెద్ద టెన్షన్. వారం, పది రోజుల సెలవు దొరకదు. మేడారం జాతర జరిగే ఏడాది ఇక్కడి బ్యాచ్‌లకు ఒక దారి ఉంది. రెండేళ్లకోసారి మాఘంలో వచ్చే ఆ జాతర 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు నాలుగు రోజులు జరిగింది. ఆ జనంలో తప్పిపోయిన పిల్లలు, ముసలివాళ్లు, తాగునీరు, మరుగుదొడ్లు, ఆడవాళ్ల భద్రత, అన్నీ ఒకేచోట ఎదురవుతాయి. ముందు రెండు రోజులు శిక్షణ, తర్వాత రెండు రోజులు సమీక్ష పెట్టుకుంటే క్యాంపుకు ఏ మాత్రం తీసిపోదు. అయితే వాలంటీర్ టీషర్టు వేసుకొని తిరిగి రావడాన్ని క్యాంపు అనుకోకూడదు. తప్పిపోయిన పిల్ల దొరికాక తల్లిదండ్రులకు అప్పగించేముందు ఏం చూడాలి, రాని పిల్లను ఎవరికి అప్పగించాలి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఎప్పుడు ఫోన్ చేయాలి, ఇవి తెలిసి పోవాలి.

పట్టా విలువ విషయంలో కూడా ఒక కదలిక వచ్చింది, విద్యార్థులు దాన్ని గమనించాలి. వైద్య అనుబంధ వృత్తుల కోసం 2021లో కేంద్రం ఒక జాతీయ కమిషన్ చట్టం తెచ్చింది. ఆ చట్టం పరిధిలోకి వచ్చే సైకాలజీ వంటి కోర్సులను దూరవిద్యలో ఆపేయమని 2025లో యూజీసీ విశ్వవిద్యాలయాలకు చెప్పింది. అదే చట్టం షెడ్యూల్‌లో మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు కూడా ఉన్నారు. ఆస్పత్రి ఉద్యోగం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లు చేరేముందే ఈ సంగతి అడిగి తెలుసుకోవడం మంచిది. దూరవిద్యలో సోషల్ వర్క్‌ను నిలబెట్టుకోవాలనుకునే విశ్వవిద్యాలయాలు రేపు చూపించాల్సి వచ్చేది పుస్తకాల నాణ్యతను కాకపోవచ్చు. ఫీల్డ్‌లో విద్యార్థిని ఎవరు చూశారు, ఎన్నిసార్లు మాట్లాడారు అన్నదానికి జవాబు అప్పటికప్పుడు పుట్టదు.

చివరి నెల గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఏప్రిల్‌లో గంటలు పూర్తవుతాయి, విద్యార్థి రావడం మానేస్తాడు. ఆరు నెలలుగా వారం వారం వచ్చి కూర్చున్న పిల్ల ఎందుకు రావడం లేదో ఆ ఇంటావిడకు ఎవరూ చెప్పరు. క్యాంపస్ విద్యార్థి అయితే మళ్లీ కనిపించడు. దూరవిద్య విద్యార్థి అదే మండలంలో ఉంటుంది, కిరాణా కొట్టు దగ్గరో బస్టాండులోనో ఎదురవుతుంది, ఇద్దరూ చూపులు తిప్పుకుంటారు. అందుకే చివరి మూడు విజిట్లు ముగింపుకే కేటాయించాలి. ఇంకో రెండుసార్లే వస్తానని ముందే చెప్పాలి. ఆమె బిడ్డ చదువు సంగతి ఎవరు చూస్తారో, ఆడపిల్లల ఆశ్రమ బడి కేజీబీవీలో సీటు గురించి ఎవరిని అడగాలో, సంఘంలో ఏ అక్కకు చెప్పుకోవచ్చో ఆమె ముందే కూర్చొని ఖాయం చేయాలి. ఏజెన్సీ ఫైల్‌లో ఒక అప్పగింత కాగితం ఉండాలి, అందులో తర్వాత చూసే మనిషి సంతకం ఉండాలి. సూపర్‌వైజర్ తన సంతకం పెట్టేముందు అడిగి చూడాల్సిన కాగితం అదే.